హీబ్రూ మాటలో ధాతువును పట్టుకోవడం ఎలా?

హాజరు, హుజూరు, మహజరు. ఈ మూడు మాటలూ తెలుగువాళ్లకు కొత్తవి కావు. బడిలో పిల్లలకు వేసేది హాజరు. దొరవారి సముఖం హుజూరు. హుజూరాబాద్, హుజూర్‌నగర్ పేర్లలో ఉన్నది అదే. పదిమంది కలిసి సంతకాలు పెట్టి పై అధికారికి పంపుకునే అర్జీ మహజరు. వీటిలోంచి దీర్ఘాలు, కొమ్ములు, తలకట్లు తీసేసి చూడండి. మూడింటిలోనూ హ్, జ్, ర్ మిగులుతాయి. మూడో మాటకు ముందు ఒక మ్ అదనంగా ఉంటుంది. మూడింటి అర్థమూ 'ఎదుట ఉండటం' చుట్టూనే తిరుగుతుంది.

ఇవి ఉర్దూ, ఫార్సీల మీదుగా మనకు చేరిన అరబ్బీ మాటలు. హీబ్రూ, అరబ్బీ ఒకే ఇంటి ఆడపడుచులు. మూడు హల్లుల చుట్టూ అచ్చులు మారుస్తూ, ముందో వెనకో ఒకటి రెండు అక్షరాలు తగిలిస్తూ మాటలు పుట్టించడం రెండింటికీ ఉన్న పద్ధతే.

ఇప్పుడు ఇంకో జత: తాలూకా, ఇలాకా. ఇవీ ఒకే ధాతువు బిడ్డలే. 'తగులుకుని ఉండటం, సంబంధించి ఉండటం' అని మూలార్థం. కానీ పైన చేసినట్టు గుణింతాలు తీసేస్తే మొదటిదాంట్లో త్, ల్, క్, రెండోదాంట్లో ల్, క్ మాత్రమే వస్తాయి. ధాతువులో మొదటి హల్లు 'అయిన్' అనే గొంతు అక్షరం. అది తెలుగులోకి వచ్చేసరికి అచ్చులో కలిసిపోయింది. హీబ్రూ ధాతువుల పనిలో సగం శ్రమ ఇలా మాయమైన అక్షరాన్ని వెతకడమే. అందుకే ఈ పాఠంలో ఎక్కువ చోటు దానికే.

సంస్కృతం కొంచెం చదివినవాళ్లకు ధాతువు అనగానే 'కృ' గుర్తొస్తుంది: కర్త, కార్యం, క్రియ, కృతి. పోలిక బాగానే ఉంది, అయితే 'కృ'ను నోటితో పలకొచ్చు. హీబ్రూ ధాతువును పలకలేం. అది మాట కాదు, మూడు హల్లుల చట్రం. హీబ్రూలో దాని పేరు 'షోరెష్', అంటే చెట్టు వేరు.

అందరూ మొదట నేర్చుకునే ఉదాహరణ కఫ్-తావ్-బేత్, 'రాయడం'. కతావ్ అంటే రాశాడు. మిఖ్తావ్ ఉత్తరం, క్తోవెత్ చిరునామా, కతావా పత్రికలో వ్యాసం, క్తీవ్ వర్ణక్రమం. హిఖ్తీవ్ అంటే చెప్పి రాయించాడు, హిత్కతేవ్ అంటే ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపాడు. యూదుల పెళ్లిలో చదివే ఒప్పంద పత్రం కెతుబ్బా. ఒకచోట క, ఇంకోచోట ఖ, ఒకచోట బ, ఇంకోచోట వ వినిపిస్తున్నాయని తికమక పడొద్దు. కఫ్, బేత్, పే అనే మూడు అక్షరాలకు రెండేసి ఉచ్చారణలు ఉన్నాయి: క/ఖ, బ/వ, ప/ఫ. జతలో రెండోదాన్ని మెత్తనిది అందాం. అక్షరం మాత్రం ఒకటే.

మొదలుపెట్టే ముందు

ఒక నోటు పుస్తకం, ఇరవై రెండు అక్షరాల పట్టిక, ఒక నిఘంటువు చాలు. అక్షరాల పేర్లు చాలామంది ఇళ్లలో ఇప్పటికే ఉన్నాయి. తెలుగు బైబిల్లో 119వ కీర్తన తీయండి. 22 భాగాలు, ఒక్కో భాగానికి 8 వచనాలు, మొత్తం 176. ప్రతి భాగం పైనా ఆలెఫ్, బేత్, గీమెల్ అంటూ హీబ్రూ అక్షరం పేరు ఉంటుంది, అదీ వరస ప్రకారం.

నిఘంటువు విషయంలో ఒక జాగ్రత్త. ఇప్పటి హీబ్రూ నిఘంటువులు అకారాది క్రమంలో ఉంటాయి. పాత నిబంధన హీబ్రూ కోసం 1906లో వచ్చిన బ్రౌన్-డ్రైవర్-బ్రిగ్స్ వంటివి ధాతువు వారీగా ఉంటాయి. రెండో రకంలో మిఖ్తావ్ కోసం మేమ్ కింద వెతికితే వివరణ దొరకదు, కఫ్ కిందికి వెళ్లాలి. అంటే ధాతువు తెలియకుండా ఆ నిఘంటువును వాడటమే కష్టం. ఇజ్రాయెల్‌లో 1953 నుంచి పనిచేస్తున్న హీబ్రూ భాషా అకాడమీ వెబ్‌సైటులో మాటతో పాటు ధాతువు కూడా చూపిస్తారు. మీరు రాబట్టిన జవాబు సరిచూసుకోవడానికి అది బాగా పనికొస్తుంది.

నోటు పుస్తకంలో ప్రతి మాట కింద మూడు గళ్లు గీయండి. హీబ్రూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది కాబట్టి మొదటి గడి కుడివైపుది. ఖాళీ గడి కళ్ల ముందు ఉంటే అక్షరం తప్పిపోయిన సంగతి మరుగున పడదు.

మొదటి మెట్టు: చెవిని పక్కన పెట్టి రాత తీసుకోండి

తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి. తెలుగులో రాసుకున్న ఉచ్చారణను బట్టి ధాతువు వెతకొద్దు. ఇప్పటి ఇజ్రాయెల్ ఉచ్చారణలో చాలా అక్షరాలు ఒకే ధ్వనిలో కలిసిపోయాయి. కఫ్, ఖోఫ్ రెండూ క. తేత్, తావ్ రెండూ త. హేత్, మెత్తని కఫ్ రెండూ ఖ. వావ్, మెత్తని బేత్ రెండూ వ. సామెఖ్, సీన్ (స అని పలికే షీన్) రెండూ స. ఆలెఫ్, అయిన్ రెండూ చాలామంది నోట ఉత్త అచ్చే.

'కరా' అని విన్నారనుకోండి. ఖోఫ్-రేష్-ఆలెఫ్ అయితే 'చదివాడు, పిలిచాడు'. ఖోఫ్-రేష్-హే అయితే 'జరిగింది'. కఫ్-రేష్-హే అయితే 'తవ్వాడు'. మొదటిదాని బిడ్డ మిక్రా, అంటే చదివేది, వేదగ్రంథం. రెండోదాని బిడ్డ మిక్రె, అంటే సంఘటన. అలాగే 'ఓవేద్': మొదట అయిన్ ఉంటే పనిచేసేవాడు, ఆలెఫ్ ఉంటే తప్పిపోయేవాడు. అవోదా పని, అవేదా పోగొట్టుకున్న వస్తువు. తెలుగు బైబిల్లోని ఓబేదు, ఓబద్యా పేర్లు అయిన్ వైపువి: సేవించేవాడు, యెహోవా సేవకుడు. ఒక్క అక్షరం పొరబడితే సేవకుడు కాస్తా తప్పిపోయినవాడు అవుతాడు.

కాబట్టి మాటను అక్షరం అక్షరంగా పేర్లతో రాసుకోండి. బద్ధకం వేసినా ఈ మెట్టు మాత్రం దాటెయ్యొద్దు.

రెండో మెట్టు: ముందూ వెనకా అతికినవి ఊడదీయండి

మనం మాట వెనక తగిలించే 'లో, కి, నుంచి, లాగా' హీబ్రూలో మాట ముందు అతుక్కుంటాయి. బేత్ అంటే లో, లామెద్ అంటే కి, మేమ్ అంటే నుంచి, కఫ్ అంటే లాగా. వావ్ మన 'మరియు'. హే నిర్దిష్టత చెబుతుంది, 'ఆ' అన్నట్టు. షీన్ 'ఏదైతే, అని' వంటి సంబంధాన్ని తెస్తుంది. వెనకవైపు ఈమ్, ఓత్ బహువచనాలు. ఆ, ఎత్, ఈత్ స్త్రీలింగానివి. ఊత్ మన 'తనం, త్వం' లాంటిది. క్రియల చివర తి (నేను), తా (నువ్వు), నూ (మేము) వస్తాయి.

ఒక పొడుగు మాట తీసుకుందాం: వెషెబెమిఖ్తెవేహెమ్. 'వాళ్ల ఉత్తరాల్లోదీ' అని అర్థం. రాతలో పది అక్షరాలు: వావ్, షీన్, బేత్, మేమ్, కఫ్, తావ్, బేత్, యోద్, హే, మేమ్. ముందున్న వావ్, షీన్, బేత్ ఊడాయి. చివరి హే, మేమ్ 'వాళ్ల'. దానికి ముందున్న యోద్ బహువచనానిది. అవీ ఊడాయి. మిగిలినవి నాలుగు: మేమ్, కఫ్, తావ్, బేత్. ఈ మేమ్ 'నుంచి' కాదు, ఉత్తరం అనే నామవాచకపు మూసలో భాగం. అదీ తీస్తే మూడు గళ్లూ నిండాయి.

ఊడదీసే ఉత్సాహంలో ధాతువునే ఊడదీసే ప్రమాదం ఉంది. మెలెఖ్ (రాజు) మొదటి మేమ్ ధాతువులోదే. తెలుగు బైబిల్లో అబీమెలెకు, మెల్కీసెదెకు పేర్లలో అది చెక్కుచెదరకుండా ఉంది. షబ్బాత్ చివరి తావ్ కూడా ప్రత్యయం కాదు, ధాతువు షీన్-బేత్-తావ్, 'ఆపడం, మానడం'. గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెంలోని బెనే ఎఫ్రాయిము యూదులు పాటించే విశ్రాంతి దినం పేరు అదే. ఇప్పటి ఇజ్రాయెల్‌లో కార్మికుల సమ్మెకు అదే ధాతువు నుంచి ష్వితా అంటారు. ఊడదీశాక మూడు కంటే తక్కువ మిగిలితే, తీసినదాన్ని ఒకసారి వెనక్కి పెట్టి నిఘంటువు చూడండి. అప్పటికీ కుదరకపోతేనే ఏదో అక్షరం తప్పిపోయిందని అనుకోవాలి.

ఇంకో సంగతి. అచ్చులు చూపే చుక్కలు, గీతలు లేని ఇప్పటి రాతలో వావ్, యోద్‌లు చాలాచోట్ల ఉత్త అచ్చు గుర్తులు. కోతేవ్ (రాస్తున్నాడు) నాలుగక్షరాలతో రాస్తారు, మధ్యలోని వావ్ మన ఓత్వం లాంటిదే. మాట మధ్యలో వావ్, యోద్ కనిపిస్తే ముందు వాటిని లెక్కలోంచి తీసేయండి. గడి ఖాళీగా మిగిలితే అప్పుడు పిలవండి.

మూడో మెట్టు: ఖాయమైన అక్షరాలకు గుర్తు పెట్టండి

ఇరవై రెండు అక్షరాల్లో సరిగ్గా సగమే ప్రత్యయాలుగా పనిచేస్తాయి. వాటిని గుర్తుంచుకోవడానికి హీబ్రూ పాఠశాలల్లో మూడు పేర్లు కట్టారు: ఏతాన్, మోషె, వెకాలేవ్. తెలుగు బైబిల్లో ఏతాను, మోషే, కాలేబు. మొదటిదాంట్లో ఆలెఫ్, యోద్, తావ్, నూన్. రెండోదాంట్లో మేమ్, షీన్, హే. మూడోదాంట్లో వావ్, కఫ్, లామెద్, బేత్. మొత్తం పదకొండు. ఇవి ధాతువులోనూ ఉండొచ్చు, బయటినుంచీ రావొచ్చు.

మిగతా పదకొండు గీమెల్, దాలెత్, జాయిన్, హేత్, తేత్, సామెఖ్, అయిన్, పే, సాదె, ఖోఫ్, రేష్. ఇవి కనిపిస్తే ధాతువులోవే అనుకోవచ్చు. మాట చూడగానే వీటి కింద గీత గీయండి. మఫ్తేయఖ్ (తాళంచెవి) రాతలో మేమ్, పే, తావ్, హేత్. పే, హేత్ ఖాయం. మధ్యలో ఇరుక్కున్న తావ్ కూడా ధాతువే. మేమ్ బయటిది. ధాతువు పే-తావ్-హేత్, 'తెరవడం'. రెండు ఖాయమైన అక్షరాల మధ్య ఉన్నది దాదాపు ఎప్పుడూ ధాతువుదే.

ఈ సూత్రానికి మినహాయింపు హిత్పయేల్ అనే క్రియా రూపంలో ఒక్కచోట వస్తుంది, దాని సంగతి కింద.

నాలుగో మెట్టు: ఏ అచ్చులో పోశారో చూడండి

ధాతువు కరిగించిన బంగారం అనుకుంటే, నామవాచకాల అచ్చును (ఇక్కడ అచ్చు అంటే మూస) హీబ్రూలో మిష్కాల్ అంటారు, అంటే తూకం. ఇజ్రాయెల్ కరెన్సీ షెకెల్ కూడా ఈ షీన్-ఖోఫ్-లామెద్ ధాతువుదే. మొదట అది వెండి తూచే బరువు. తెలుగు బైబిల్ అనువాదకులు దాన్ని 'తులము' అన్నారు. తూకానికి తూకమే పెట్టారు, చక్కటి ఎంపిక.

అచ్చు తెలిస్తే తెలియని మాట అర్థం సగం చేతికి వస్తుంది. మ__ఏ_ (గీతల చోట ధాతువు హల్లులు వస్తాయి) పనిముట్లది: మఫ్తేయఖ్ తాళంచెవి, మస్రేక్ దువ్వెన, మజ్లేగ్ ఫోర్కు, మఖ్షేవ్ కంప్యూటర్ (హేత్-షీన్-బేత్, ఆలోచించడం, లెక్కించడం). మి__ఆ_ ఎక్కువగా చోటుది, కొన్నిసార్లు వస్తువుది: మిత్బాఖ్ వంటిల్లు, మిక్దాష్ దేవాలయం, మిష్కాన్ నివాసం, మిఖ్తావ్ ఉత్తరం. మధ్య అక్షరాన్ని ఒత్తి _అ_ఆ_ అంటే వృత్తి: తబ్బాఖ్ వంటవాడు, సప్పార్ క్షురకుడు, నగ్గార్ వడ్రంగి. _ఆ_ఊ_ అయిపోయిన స్థితి: కతూవ్ రాసి ఉన్నది, సగూర్ మూసి ఉన్నది. __ఈ_ఆ పని పేరు: క్తివా రాయడం, ప్తిఖా తెరవడం.

వీటన్నిటిలో ముచ్చటైనది జబ్బుల అచ్చు, _అ_ఎ_ఎత్. పసుపు రంగును త్సహోవ్ అంటారు, అందులోంచి త్సహెవెత్, మన పచ్చకామెర్లు. ఎరుపు అదోమ్, ఒళ్లంతా ఎర్రటి పొక్కులొచ్చే రుబెల్లా అదెమెత్. కుక్క కెలెవ్, పిచ్చికుక్క కాటుతో వచ్చే రేబీస్ కలెవెత్. కారడం అనే నూన్-జాయిన్-లామెద్‌లోంచి నజెలెత్, ముక్కు కారే జలుబు. చక్కెర సుకార్, చక్కెర వ్యాధి సకెరెత్. అచ్చు ఎంత గట్టిగా పనిచేస్తుందంటే, పరాయి మాటైన చక్కెరలోంచి కూడా మూడు హల్లులు లాగి జబ్బు పేరు పోసింది. అయితే ఈ అచ్చులోని మాటలన్నీ జబ్బులు కావు. రకెవెత్ అంటే రైలు, రేష్-కఫ్-బేత్, ఎక్కి ప్రయాణించడం.

క్రియల అచ్చులు ఏడు. ఒక్కోటి బిన్యాన్, అంటే కట్టడం. పాఅల్, నిఫ్అల్, పియెల్, పుఅల్, హిఫ్ఇల్, హొఫ్అల్, హిత్పయేల్ అనే పేర్లన్నీ పే-అయిన్-లామెద్, 'చేయడం' అనే ధాతువును ఆయా అచ్చుల్లో పోసి పెట్టినవే. తెలుగువాళ్లకు ఇవి సులువు. తిన్నాడు అఖాల్, తినబడింది నెఎఖాల్, తినిపించాడు హెఎఖీల్. నేర్చాడు లమాద్, నేర్పాడు లిమ్మేద్. చ, ప మార్చి మనం చేసే పనిని వాళ్లు అచ్చులు మార్చి, మధ్య అక్షరం ఒత్తి చేస్తారు. అదే లామెద్-మేమ్-దాలెత్‌లోంచి తల్మీద్ (విద్యార్థి), తల్మూద్ (యూదుల ధర్మగ్రంథం) వచ్చాయి.

ఒక ధాతువు ఏడు కట్టడాల్లోనూ ఉండాలని లేదు. గీమెల్-దాలెత్-లామెద్ చూడండి: గదాల్ పెరిగాడు, గిద్దేల్ పెంచాడు, హిగ్దీల్ పెద్దది చేశాడు, హిత్గద్దేల్ గొప్పలు పోయాడు. గదోల్ పెద్ద, మిగ్దాల్ బురుజు. నిఫ్అల్ మాత్రం వాడుకలో లేదు. కాబట్టి సూత్రం ప్రకారం రూపాలు మీరే తయారుచేసుకుని వాడొద్దు. నిఘంటువులో ఉన్నదే ఉన్నట్టు.

హిత్పయేల్‌లో తావ్ చోటు మారే సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ధాతువు స, ష వంటి ఊష్మంతో మొదలైతే హిత్ లోని తావ్ దాన్ని దాటి లోపలికి వెళ్తుంది. సామెఖ్-దాలెత్-రేష్ (క్రమం) హిత్సదేర్ కాకుండా హిస్తదేర్ అవుతుంది. షీన్-మేమ్-షీన్ హిష్తమేష్ (వాడుకున్నాడు) అవుతుంది. సాదె ఉంటే ఆ తావ్ తేత్‌గా, జాయిన్ ఉంటే దాలెత్‌గా కూడా మారుతుంది. హిజ్దకేన్ (ముసలివాడయ్యాడు) మాటలో దాలెత్ చూసి ధాతువు అనుకోవద్దు. అసలు ధాతువు జాయిన్-ఖోఫ్-నూన్.

అయిదో మెట్టు: రెండు గళ్లే నిండినప్పుడు

పదో శతాబ్దం చివర స్పెయిన్‌లోని కొర్డోబాలో యెహూదా హయ్యూజ్ అనే వ్యాకరణవేత్త ఉండేవాడు. అంతకు ముందువాళ్లు రెండు హల్లుల ధాతువులు, ఒక్క హల్లు ధాతువులు కూడా ఉన్నాయనుకునేవారు. కనిపించకపోయినా క్రియాధాతువులో మూడో అక్షరం ఉంటుందని, అది ఎప్పుడు ఎలా దాక్కుంటుందో నియమాలున్నాయని అతను చూపించాడు. ఇప్పుడు మనం వెతికే పద్ధతికి పునాది అదే. ఈ వరసలో వెతకండి.

ముందుగా, ద్విత్వం ఉందేమో చూడండి. ఉంటే మొదటి గడిలో నూన్ పెట్టి చూడండి. నూన్ తరవాతి హల్లులో కలిసిపోయి దాన్ని ఒత్తక్షరం చేస్తుంది. దీనికి తెలుగు బైబిలే మంచి సాక్ష్యం. నూన్-తావ్-నూన్ అంటే ఇవ్వడం. నాతాను, యోనాతాను, నతనయేలు పేర్లలో మూడక్షరాలూ కనిపిస్తాయి. మత్తన్యాలో మొదటి నూన్ పోయి త్త అయింది. మత్తయికి మూలమైన మత్తిత్యాలో రెండు నూన్‌లూ పోయాయి. మత్తయి అనే పేరు రాసేటప్పుడు మనం వేసే తావత్తు, కరిగిపోయిన నూన్ గుర్తు. 'దేవుడిచ్చినవాడు' అనే అర్థంలో నాతాను కుటుంబం, మత్తయి ఒకే వేరువే. మత్తానా (బహుమతి) కూడా అంతే. ఇప్పటి మాటతీరులో ఒత్తు వినిపించదు, మతానా అనే అంటారు. గుర్తులున్న పాఠంలో అక్షరం కడుపులో చుక్క కనిపిస్తుంది, దాన్నే నమ్మండి.

రెండోది, మో, తో, హో అనే మొదలు. ఉపసర్గ తరవాత ఓత్వం, రాతలో వావ్ కనిపిస్తే మొదటి గడిలో యోద్ పెట్టండి. ఆ యోద్ చాలా పాత కాలంలో వకారం, ఉపసర్గ చేరినప్పుడు ఆ పాత రూపమే బయటపడి ఓ అవుతుంది. యోద్-సాదె-ఆలెఫ్, బయటకు వెళ్లడం: యత్సా వెళ్లాడు, మోత్సా పుట్టుక స్థానం, తోత్సాఆ ఫలితం, హోత్సాఆ ఖర్చు (పుస్తక ప్రచురణ కూడా), యెత్సిఆ నిష్క్రమణ. యోద్-లామెద్-దాలెత్, కనడం: యెలెద్ పిల్లవాడు, మోలెదెత్ మాతృభూమి, తోలదోత్ వంశావళి. యోద్-షీన్-అయిన్, రక్షించడం: యెహోషువ, యెషయా, హోషేయ, హోసన్నా. హోషేయలో హో ఎక్కడిదని ఎవరైనా అడిగితే జవాబు ఇదే. రెండో అక్షరం సాదె అయినప్పుడు మాత్రం యోద్ కొన్నిసార్లు నూన్ లాగే మాయమవుతుంది. హత్సాఆ (ప్రతిపాదన) అలాంటిది, యోద్-సాదె-అయిన్.

మూడోది, చివర ఎ, ఆ, ఈత్, య్యా. అప్పుడు మూడో గడిలో హే. బేత్-నూన్-హే కట్టడం: బనా, మివ్నె (నిర్మాణం), తవ్నీత్ (నమూనా), పైన చెప్పిన బిన్యాన్. అయిన్-లామెద్-హే ఎక్కడం: అలియ్యా, లిఫ్టుకు మఅలీత్. ఈ హే నిలకడలేనిది. ప్రత్యయం తగలగానే యోద్ గానో తావ్ గానో మారిపోతుంది.

నాలుగోది, మధ్య గడిలో వావ్ లేదా యోద్. కామ్ (లేచాడు), మకోమ్ (చోటు), తెకుమా (పునరుత్థానం) మూడింటికీ ఖోఫ్-వావ్-మేమ్. యేసు అన్న 'తలీతాకుమీ'లోని కుమీ కూడా ఇదే ధాతువు, అక్కడ భాష అరామిక్, హీబ్రూకు మరో తోబుట్టువు. దాలెత్-యోద్-నూన్, తీర్పు: దీన్ న్యాయం, దయ్యాన్ మతన్యాయాధిపతి, మెదీనా ఇప్పుడు దేశం, మొదట్లో ఒక న్యాయపరిధి. దానియేలు 'దేవుడే నా న్యాయాధిపతి'.

చివరగా, రెండో అక్షరాన్నే రెట్టింపు చేయండి. మెసిబ్బా (విందు), స్వివా (పరిసరం) సామెఖ్-బేత్-బేత్, చుట్టూ తిరగడం. హగ్గయి ప్రవక్త పేరు హేత్-గీమెల్-గీమెల్, పండుగ. ఇక్కడి గ్గ, మత్తయిలోని త్త చూడ్డానికి ఒకేలా ఉన్నా కారణాలు వేరు. అందుకే ద్విత్వం చూడగానే నూన్ అని రాసేయకుండా నిఘంటువులో రెండూ చూడాలి.

విడిగా గుర్తుంచుకోవాల్సినవి రెండే: లామెద్-ఖోఫ్-హేత్ (తీసుకోవడం)లో లామెద్ నూన్ లాగా కరుగుతుంది, హే-లామెద్-కఫ్ (వెళ్లడం)లో హే యోద్ లాగా నడుస్తుంది.

ఆరో మెట్టు: అర్థం కుదిరిందా?

మూడక్షరాలు దొరికినంత మాత్రాన పని అయిపోలేదు. సామెఖ్-పే-రేష్ నుంచి సెఫెర్ పుస్తకం, సిప్పూర్ కథ, మిస్పార్ సంఖ్య వచ్చాయి. లెక్కించడం, వివరించడం, రాయడం ఒక తీగ. కానీ సప్పార్ క్షురకుడు, మిస్పరాయిమ్ కత్తెర కూడా అవే అక్షరాలు. ఇది కత్తిరించే ఇంకో తీగ. అక్షరాలు కలిశాయని కథకూ కత్తెరకూ ముడిపెట్టి వ్యాఖ్యానాలు అల్లితే తప్పు. లామెద్-హేత్-మేమ్ కూడా అంతే: లెఖెమ్ రొట్టె (బేత్లెహేము 'రొట్టెల ఇల్లు'), మిల్ఖామా యుద్ధం. నిఘంటువు వీటిని ఒకటి, రెండు అని అంకెలు వేసి విడదీస్తుంది. ఆ అంకెలు తప్పకుండా చూడండి.

అర్థం సరిచూడటానికి అరబ్బీ సాయపడుతుంది. హీబ్రూ ష అక్కడ చాలాసార్లు స, హీబ్రూ ఓ అక్కడ ఆ. షాలోమ్, సలాం. షీన్-లామెద్-మేమ్ అసలు అర్థం 'పూర్తిగా ఉండటం'. అందుకే సొలొమోను, అబ్షాలోము పేర్లలోని శాంతితో పాటు షిల్లేమ్ (డబ్బు చెల్లించాడు) కూడా అక్కడికే చేరుతుంది. బాకీ పూర్తి చేయడమే కదా చెల్లింపు. అయితే తోబుట్టువుల మధ్య కూడా అర్థం పక్కకు జరుగుతుంది. హేత్-కఫ్-మేమ్ హీబ్రూలో జ్ఞానం, అరబ్బీలోంచి మనకొచ్చింది హుకుం, హకీము.

పరాయి మాటలకు ధాతువు వెతకొద్దు. ఎస్తేరు గ్రంథం మొదటి అధ్యాయంలో రాజుగారి తోటలో వేలాడే తెరల గుడ్డ పేరు హీబ్రూలో కర్పాస్. అది మన కార్పాసం, ప్రత్తి. పర్షియా మీదుగా వెళ్లింది. అలాగే నాలుగు హల్లుల ధాతువులు కూడా ఉన్నాయి. తిల్ఫేన్ అంటే ఫోన్ చేశాడు, అది టెలిఫోన్‌లోంచి వచ్చింది. మిస్పేర్ అంటే అంకెలు వేశాడు. మిస్పార్‌లోని ఉపసర్గ మేమ్ కూడా ఇందులో ధాతువై కూర్చుంది.

ఒక మాటతో మొత్తం చేసి చూడండి

గోడ మీద కనిపించిన ఏడక్షరాల మాట: హే, మేమ్, వావ్, దాలెత్, అయిన్, వావ్, తావ్. ముందు హే నిర్దిష్టత, తీసేయండి. చివర వావ్-తావ్ ప్రత్యయం, తీసేయండి. మిగిలినవి మేమ్, వావ్, దాలెత్, అయిన్. దాలెత్, అయిన్ ఖాయమైన పదకొండులోవి, వాటిని రెండో, మూడో గళ్లలో పెట్టండి. మేమ్ ఉపసర్గ. దాని వెనక వావ్ ఉంది కాబట్టి మొదటి గడిలో యోద్. యోద్-దాలెత్-అయిన్, తెలియడం. యదా (తెలుసుకున్నాడు), మదా (శాస్త్రం), యెదిఆ (సమాచారం) దాని బంధువులు.

మాటను రెండు రకాలుగా చదవొచ్చు: హమోదాఓత్ అంటే 'ఆ ప్రకటనలు', హముదాఊత్ అంటే 'ఆ స్పృహ, అవగాహన'. అక్షరాలు ఏడూ అవే, ధాతువూ అదే. ఏ అచ్చులో పోశారన్నది పక్కనున్న మాటలు చెబుతాయి. ధర, ఫోన్ నంబరు, పత్రిక పేరు ఉంటే మొదటిది. ఆరోగ్యం, పర్యావరణం వంటి మాట ఉంటే రెండోది. నోటు పుస్తకంలో యోద్ కింద ఒక పేజీ తెరిచి, రెండింటినీ పక్కపక్కన రాసుకోండి. కింద సగం పేజీ ఖాళీగా ఉంచండి, ఈ కుటుంబంలోని మాటలు ఇంకా చాలా తగులుతాయి.